ఇంటికి పోని పుస్తకం

పోయిన నెలలో సిడ్నీలో ఉంటున్న మా మేనకోడలు వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టింది. చేతిలో లైబ్రరీ కార్డు, వెనక పుస్తకాల అరలు. "మామయ్యా, ఇది 1833ల పెట్టిన లైబ్రరీ అంట, ఇప్పటికీ పుస్తకాలు ఇంటికి ఇస్తున్నరు, నువ్వైతే ఈడికెళ్లి కదలవు" అని కింద రాసింది. పేరేమిటని అడిగితే సిడ్నీ మెకానిక్స్ స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ అంది. మెకానిక్ అనగానే మనకు బండ్లు బాగుచేసే షెడ్డు గుర్తొస్తుంది కానీ, ఆ కాలంలో ఆ మాటకు అర్థం చేతిపని తెలిసిన మనిషి. కమ్మరి, వడ్రంగి, రాళ్లు చెక్కేవాడు, అచ్చు పనివాడు. అలాంటి వాళ్లకోసం సాయంత్రం పాఠాలు, ఇంటికి తీసుకుపోయి చదువుకోవడానికి పుస్తకాలు అనే ఆలోచనతో పెట్టిన సంస్థ అది. 190 ఏళ్లు దాటినా అరువుకు పుస్తకాలు ఇస్తూనే ఉంది.

అదే వారంలో నేను మా దిక్కు ఒక ఊళ్లో లైబ్రరీకి పోయాను. ఊరి పేరు ఎందుకు లెండి. లోపల ఒక్క కుర్చీ ఖాళీ లేదు, వరండాలో కూడా పిల్లలు గోడకు ఆనుకుని చాపల మీద కూర్చున్నారు. గ్రూప్-2, డీఎస్సీ, కానిస్టేబుల్, ఎవరి పుస్తకాలు వాళ్లు సంచుల్లో తెచ్చుకున్నారు, పక్కన నీళ్ల బాటిల్, టిఫిన్ బాక్సు. గోడ పొడవునా అద్దాల బీరువాలు, అన్నిటికీ తాళాలు. అందులో ఒకదాంట్లో నేను చాలా రోజులుగా వెతుకుతున్న పుస్తకం కనిపించింది.

"ఇంటికి ఇయ్యం సార్, ఈడ్నే కూసొని చదువుకోండి" అన్నాడు అక్కడి ఉద్యోగి.

కూర్చోవడానికి చోటేదని అడగబుద్ధి కాలేదు. డిపాజిట్ కడతాను, మెంబర్‌షిప్ ఇవ్వండి అన్నాను. రసీదు బుక్కు అయిపోయిందట, ఎవరూ అడగడం లేదు కాబట్టి మళ్లీ తెప్పించలేదట. మంచి మనిషే, విసుక్కోకుండా పుస్తకాలు ఇచ్చే రిజిస్టర్ కూడా తీసి చూపించాడు. నీలిగీతల పొడుగు పుస్తకం, పైన దుమ్ము. చివరిసారి పుస్తకం ఇచ్చిన తేదీకీ నేను అక్కడ నిలబడ్డ రోజుకూ మధ్య పద్నాలుగు నెలలు.

అప్పటినుంచి నా మనసులో ఒకటే మెదులుతోంది. హాలు కిటకిటలాడుతోంది, రిజిస్టర్ మాత్రం ఖాళీ. ఇందులో ఏది చూసి లైబ్రరీ బతికుందని చెప్పాలి? రిజిస్టర్ చూసే చెప్పాలని నా అభిప్రాయం. పుస్తకం గడప దాటి ఇంటికి పోయినప్పుడే లైబ్రరీ తన పని తాను చేసినట్టు. ఈ మాట మీద నాకే కొన్ని అనుమానాలున్నాయి, వాటినీ దాచకుండా రాస్తాను.

రేకుపని కొట్టులో పుట్టిన ఆలోచన

మేనకోడలు ఫొటో పుణ్యమా అని ఆ సంస్థల చరిత్ర కొంత చదివాను. 1800 ప్రాంతంలో గ్లాస్గోలో జార్జ్ బర్క్‌బెక్ అని ఒక యువ అధ్యాపకుడు ఉండేవాడు. పాఠం చెప్పడానికి ఒక పరికరం కావలసి వచ్చి రేకుపని కొట్టులో చేయిస్తుంటే, అక్కడి పనివాళ్లు చుట్టూ మూగి ఇదేంటి, ఇది ఎట్లా తిరుగుతుంది అని అడగడం మొదలుపెట్టారట. చేసేది వాళ్లే, అది ఎందుకు పనిచేస్తుందో మాత్రం వాళ్లకు ఎవరూ చెప్పలేదు. వాళ్లకోసమే ఉచితంగా పాఠాలు పెడితే మొదటి రోజు 75 మంది వచ్చారని, నాలుగో పాఠానికి 500 మంది అయ్యారని చెబుతారు. ఆయనే తర్వాత 1823లో లండన్ మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్‌ను పెట్టినవాళ్లలో ముఖ్యుడు. ఇవాళ అది ఆయన పేరుతోనే లండన్‌లో ఒక కాలేజీ.

సిడ్నీది ఇంకా బాగుంటుంది. 1831లో స్కాట్లండ్ నుంచి మేస్త్రీలను, వడ్రంగులను ఎక్కించుకుని స్టిర్లింగ్ కాజిల్ అనే ఓడ సిడ్నీకి వచ్చింది. నెలల తరబడి సముద్రం మీద ప్రయాణం. అదే ఓడలో వస్తున్న హెన్రీ కార్మైకేల్ అనే పాస్టరు వాళ్లను కూర్చోబెట్టి ఓడలోనే పాఠాలు చెప్పాడు. బడి అంటే గోడలు, బల్లలు అనుకుంటాం కదా, ఇక్కడ బడి నీళ్ల మీద మొదలైంది. రెండేళ్లకు, 1833 మార్చిలో, సిడ్నీలో సంస్థ ఏర్పడింది. వలస ప్రభుత్వంలో సర్వేయర్ జనరల్‌గా ఉన్న థామస్ మిచెల్ దానికి మొదటి అధ్యక్షుడు. 1878లో అదే సంస్థ పనివాళ్ల కాలేజీ తెరిచింది, 1883లో దాన్ని ప్రభుత్వం తీసుకుంది, సిడ్నీలో సాంకేతిక విద్య అలా పెరిగింది. పాఠాలు చేతులు మారాయి. పుస్తకాలు ఇచ్చే పని మాత్రం సంస్థ దగ్గరే ఉండిపోయింది, ఇవాళ మా పిల్ల చేతిలో ఉన్నది దాని కార్డే.

ఇదంతా చదివి మురిసిపోతే సరిపోదు. ఆ సంస్థల్లో చాలావాటికి తొందరలోనే ఒక చిక్కు వచ్చింది. ఎవరికోసం పెట్టారో వాళ్లు రావడం తగ్గింది. పది పన్నెండు గంటలు రాళ్లు కొట్టిన మనిషి సాయంత్రం కూర్చుని రసాయనశాస్త్రం వినాలంటే ఓపిక ఎక్కడిది? గుమాస్తాలు, దుకాణదారులు వచ్చి చేరారు. శాస్త్రాల పుస్తకాలు తెప్పిస్తే జనం నవలలే పట్టుకుపోతున్నారని కమిటీల వాళ్లు బాధపడ్డారు. అంటే లైబ్రరీని పెట్టినవాళ్లు అనుకున్నది ఒకటి, వచ్చినవాళ్లు వాడుకున్నది ఇంకొకటి. ఈ సంగతి తెలిశాక మన హాళ్లలో గ్రూప్స్ పిల్లలను చూసి "లైబ్రరీ పాడైపోయింది" అనే వాళ్లతో నేను గొంతు కలపలేకపోయాను. చదువుకుని పైకి రావాలనుకునే కష్టజీవుల బిడ్డలే కదా వాళ్లు. రేకుపని కొట్టులో బర్క్‌బెక్ చుట్టూ మూగింది కూడా అలాంటివాళ్లే.

మన దిక్కు కథ

1901 సెప్టెంబర్ 1న హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అనే తెలుగు లైబ్రరీ మొదలైన సంగతి అందరికీ కంఠతా వచ్చినదే, మళ్లీ చెప్పను. అందులో మన జిల్లాల చెయ్యి ఎంత ఉందన్నది మాత్రం మనమే మరిచిపోతుంటాం. ఆ నిలయం మొదలైంది రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో, ఆయన నల్గొండ జిల్లా మనిషి. చిన్న వయసులోనే, 1910లో, పోయారు. ఆ తర్వాత భవనం కోసం ఆయన భార్య లక్ష్మీనరసమ్మ గారు విరాళం ఇచ్చారు. ఆ ప్రయత్నానికి అండగా నిలిచిన నాయని వెంకట రంగారావు గారిది మునగాల సంస్థానం, కొమర్రాజు లక్ష్మణరావు గారు అక్కడే దివాను. మునగాల అంటే ఇవాళ సూర్యాపేట నుంచి కోదాడ పోయే దారిలో వచ్చే ఊరు. అప్పుడది కృష్ణా జిల్లాలో భాగం, బ్రిటిష్ వాళ్ల కింద. చుట్టూ నిజాం ఇలాకా, మధ్యలో ఆ కాస్త నేల. అటు ఇంగ్లీషు వాళ్ల పాలన గాలి, ఇటు నిజాం పాలన గాలి, రెండూ తగిలిన చోటు నుంచి తెలుగు లైబ్రరీ ఆలోచనకు బలం రావడం నాకు ఎప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యంగానే ఉంటుంది.

నిజాం ఇలాకాలో బడిలో చదువు ఉర్దూలో, కచేరీలో కాగితం ఉర్దూలో. 1918లో వచ్చిన ఉస్మానియా కూడా ఉర్దూలోనే చెప్పింది. తెలుగు చదవాలంటే ఇంట్లోనో, ఖాన్గీ (ప్రైవేటు) బడిలోనో, లేదా ఎవరైనా పుస్తకం ఇస్తే దాంట్లోనో. సభ పెట్టుకోవాలంటే సర్కారు ఆంక్షలు అడ్డం, లైబ్రరీ పెడుతున్నారంటే అధికారులకు అనుమానం. అలాంటి రోజుల్లో 1920 నాటికే నల్గొండలో, సూర్యాపేటలో తెలుగు గ్రంథాలయాలు నడిచాయి. 1922లో నల్గొండ నుంచి నీలగిరి పత్రిక తెచ్చిన షబ్నవీసు వెంకటరామ నరసింహారావు గారి శ్రమ వాటి వెనక ఉంది. 1931లో నిజాం రాష్ట్రపు తెలుగువాళ్ల సంస్థ ఆంధ్ర మహాసభ దేవరకొండలో జరిగిందంటే, బూర్గుల రామకృష్ణారావు గారు అధ్యక్షులుగా వచ్చారంటే, ఆ మాటలు విని అర్థం చేసుకునే జనం అక్కడ అప్పటికే తయారై ఉన్నారన్నమాట. వాళ్లను బడి తయారు చేయలేదు.

పాలమూరు వైపు వాళ్లు ఇక్కడ నన్ను నిలదీయవచ్చు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాల్లో పండితులకు లోటు లేదు, గద్వాలను విద్వద్గద్వాల అనే పిలిచారు, పుస్తకాలు అక్కడా ఉన్నాయి కదా అని. ఉన్నాయి, కాదనను. కానీ కోటలోని పుస్తకం కోటలోనే ఉంటుంది. పద్యం చెప్పిన కవికి శాలువా దక్కింది కానీ, కోట బయట జొన్న చేను కోసుకునే మనిషి ఇంటికి ఆ పుస్తకం రాలేదు. అదే పాలమూరు నేల నుంచి వచ్చిన సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టాక, చదువు వచ్చిన ఒకరు అరుగు మీద కూర్చుని పత్రిక చదివితే చుట్టూ ఉన్నవాళ్లు వినేవారని మా పెద్దవాళ్లు చెప్పేవారు. ఒక ప్రతి, పది జతల చెవులు.

ఈ కథలో నా మనసుకు అందరికంటే దగ్గరి మనిషి వట్టికోట ఆళ్వారుస్వామి. నకిరేకల్ దగ్గరి మాదారం ఆయనది. చదువుకోవడానికి వేరే దారి లేక పంతులు గారింట్లో వంట చేసిపెట్టి చదువుకున్నాడు. హోటల్లో సర్వర్‌గా పనిచేశాడు. అదే మనిషి 1938లో సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి తక్కువ ధరకు పుస్తకాలు అచ్చువేయించాడు, వేయించి ఊరుకోలేదు, తానే మోసుకుంటూ తిరిగి అమ్మాడు. లైబ్రరీకి రాలేని మనిషి దగ్గరికి పుస్తకమే నడిచి వెళ్లాలని ఆయనకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు, ఆయన బతుకే చెప్పింది.

ఇక్కడ నా మొదటి అనుమానం. ఆ గ్రంథాలయ ఉద్యమాన్ని మనం అందరిదీ అన్నట్టు చెప్పుకుంటాం, అది నిజమా? 1941 జనగణన నాటికి కూడా నిజాం రాష్ట్రంలో నూటికి పదిమంది కూడా అక్షరాలు వచ్చినవాళ్లు లేరు. లైబ్రరీల్లో పేరు కనిపించేది ఎక్కువగా వకీళ్లు, భూములున్నవాళ్లు, పై కులాలవాళ్లు. మాల మాదిగ వాడల నుంచి ఎంతమంది ఆ గడప ఎక్కగలిగారు? సిడ్నీలో రాళ్లు కొట్టేవాడి పేరున పెట్టిన చోట గుమాస్తా కూర్చున్నట్టే ఇక్కడా జరిగింది. ఈ లోపం ఒప్పుకోకుండా ఆ రోజులను బంగారు కాలం అనడం నాకు ఇష్టం లేదు. తర్వాత సంఘం (ఊళ్లలో ఆంధ్ర మహాసభను అలాగే అనేవారు) రోజుల్లో ఊళ్లలో నడిచిన రాత్రి బడులు ఆ గడపను కొంత దించాయి. పగలు వెట్టి చేసిన మనిషి రాత్రి దీపం దగ్గర తన పేరు తాను రాసుకోవడం నేర్చుకున్నాడు.

చీపురు పుల్ల

నా వాదనకు అసలు ఆధారం పుస్తకాల్లో దొరికింది కాదు, మా ఇంట్లో చూసింది.

మా అమ్మ ఐదో తరగతి వరకే చదివింది. పెద్దన్న నల్గొండలో ఇంటర్ చదివే రోజుల్లో లైబ్రరీలో కార్డు తీసుకున్నాడు. శనివారం సాయంత్రం బస్సు దిగి వచ్చేటప్పుడు సంచిలో మాసిన బట్టలు, వాటి మధ్యలో రెండు పుస్తకాలు. ఒకటి ఆయనకు, ఒకటి అమ్మకు. అమ్మ అంట్లు తోముకుని, పొయ్యి అలికి, వెనక వసారాలో బల్బు కింద గోడకు చేరగిలబడేది. ఎంతవరకు చదివిందో గుర్తుకు పేజీ మూల మడవడం ఆమెకు నచ్చేది కాదు, "మంది పుస్తకం" అనేది. చీపురు నుంచి ఒక పుల్ల విరిచి పెట్టేది.

పక్కింటి అత్తమ్మకు అక్షరం రాదు. చింతపండు రోజుల్లో చాట ఒళ్లో పెట్టుకుని వచ్చి, గింజలు తీస్తూ కూర్చునేది. అమ్మ బయటికి చదివేది. కథలో ఎవరికైనా కష్టం వస్తే అత్తమ్మ చేతులు ఆగిపోయేవి, ఆ తర్వాత "గాడు మంచోడు కాదని నేను ముందే అనుకున్న" అనేది. మరుసటి రోజు బావి దగ్గర ఆ కథ ఇంకో నలుగురికి చేరేది. అన్న పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు అందులోంచి చీపురు పుల్ల జారి కౌంటర్ మీద పడేదట, లైబ్రరీ ఆయన దాన్ని తీసి పక్కన పెట్టి "చదివినట్టున్నరు" అనేవాడట.

ఒక కార్డు, అన్న పేరు మీద. దాని మీద చదివింది ముగ్గురం, విన్నవాళ్లు ఎందరో. అమ్మ, అత్తమ్మ జన్మలో లైబ్రరీ మెట్టు ఎక్కలేదు. రీడింగ్ హాలు ఎంత పెద్దది కట్టినా, ఏసీ పెట్టినా, వాళ్లిద్దరూ వచ్చి అందులో కూర్చునేవారు కాదు. ఇంటి పని వదలదు, బస్సు చార్జీ ఉండదు, మగపిల్లల మధ్య కూర్చోవడానికి మొహమాటం. పెద్దవాళ్ల చదువు, వయోజన విద్య అంటూ ఎన్ని పథకాలు వచ్చినా, మా అత్తమ్మకు అందిన చదువు మాత్రం ఆ వసారాలో అందినదే. అందుకే ఇంటికి ఇవ్వడం ఆగిపోవడాన్ని చిన్న సంగతిగా తీసుకోలేకపోతున్నాను. కుర్చీ దాకా రాగలిగినవాళ్లకే పుస్తకం అంటే సగం ఊరికి తలుపు మూసేసినట్టే.

ఎదురు మాటలు

ఈ మాట ఒక స్నేహితుడితో అంటే వెంటనే ఫోన్ చూపించాడు. అంతా ఇందులో ఉంది, పీడీఎఫ్‌లు ఉచితం, ఇంకా బీరువా తాళం గురించి టెన్షన్ ఎందుకన్నాడు. నిజమే, నేనూ ఫోన్‌లో చదువుతాను. కానీ మా అమ్మ కళ్లకు ఆ అక్షరాలు ఆనవు. పైగా ఫోన్ ఒకరి చేతిలో ఉంటే అది ఆ ఒక్కరిదే, మధ్యలో ఎవరో ఒకరి కాల్ వస్తుంది. ఇంట్లో బల్ల మీద పడి ఉన్న పుస్తకాన్ని పదేళ్ల పిల్ల ఊరికే తిరగేసినట్టు నాన్న ఫోన్‌లోని పీడీఎఫ్‌ను తిరగేయదు.

రెండో ఎదురు మాట లైబ్రరీ ఉద్యోగిది, అదే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. "ఒక్క బుక్కు పోయినా ఆడిట్ల నేనే జవాబు చెప్పాలె సార్. తీసుకపోయినోళ్లు ఊరు మారుతరు, ఫోన్ ఎత్తరు. తాళమేస్తే నాకు నిద్ర పడుతది." ఆయన్ని తప్పుపట్టలేను. పుస్తకం పోగొడితే శిక్ష ఉంది, పుస్తకం ఎవరూ చదవకపోతే ఏ శిక్షా లేదు. అలాంటి పద్ధతిలో ఎవరైనా తాళమే వేస్తారు. చదవగా నలిగి, చిరిగి, ఒకటి రెండు పోయిన పుస్తకాలను నష్టం కింద రాసుకునే వెసులుబాటు ఆయనకు ఇవ్వాలి. ఇచ్చిన పుస్తకాలెన్ని అని ఏడాదికోసారి పైవాళ్లు అడగాలి. స్టాకులో ఎన్ని ఉన్నాయని మాత్రమే అడిగినన్నాళ్లూ జవాబు తాళమే.

మూడోది డబ్బు. సిడ్నీ లైబ్రరీకి సొంత భవనం ఉంది, మెంబర్లు చందా కడతారు, మనకేముంది అంటారు. మనకూ ఉంది. మొన్న మా ఇంటి పన్ను రసీదు తీసి చూశాను, అందులో గ్రంథాలయ పన్ను అని విడిగా ఒక లైను ఉంటుంది. ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు. అంటే ఇల్లున్న ప్రతి మనిషీ ఏటా లైబ్రరీకి చందా కడుతూనే ఉన్నాడు, తాను మెంబరునన్న సంగతే తెలియకుండా. ఆ పన్ను వసూలైనా లైబ్రరీలకు సకాలంలో చేరడం లేదని పేపర్లలో తరచూ చదువుతుంటాం. అడిగేవాళ్లు ఉంటే కదా చేరడానికి! చందా కట్టి కార్డు చేతిలో పెట్టుకున్న మనిషి పుస్తకం లేకపోతే అడుగుతాడు, పన్నులో కలిపి కట్టిన మనిషి అడగడు. లైబ్రరీలు ప్రభుత్వం చేతికి రావడం తప్పని నేను అనను, అలా రాకపోతే చిన్న ఊళ్లకు అసలు వచ్చేవి కావు. కానీ ఆ మార్పులో "ఇది నాది" అనే భావం ఎక్కడో జారిపోయింది, దాన్ని ఎట్లా తిరిగి తెచ్చుకోవాలో నాకు పూర్తిగా తోచడం లేదు. కార్డు తీసుకోవడం దగ్గర మొదలుపెట్టాలని మాత్రం తోచింది.

ఇక హాలు నిండా ఉన్న పిల్లల సంగతి. వాళ్లను లేపి పుస్తకప్రియులకు చోటివ్వమని నేను ఎన్నటికీ అనను. ప్రైవేటు స్టడీ హాల్‌కు నెలనెలా కట్టలేని ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు వాళ్లు. హాలు వాళ్లదే. నేను అడిగేదల్లా ఆ బీరువాల తాళాలు తీయమని, అవి వాళ్ల కుర్చీలకు అడ్డం రావు.

మూడోసారి పోయినప్పుడు

రెండోసారి పోతే రసీదు బుక్కు ఇంకా రాలేదు. మూడోసారి, పోయిన శుక్రవారం, వచ్చింది. డిపాజిట్ కట్టాను. ఆయన అద్దాల బీరువా తాళం తీయడానికి కొంచెం కష్టపడ్డాడు, తుప్పు పట్టింది. పుస్తకం చివర అతికించిన తేదీల కాగితం మీద స్టాంపు వేశాడు, పైనున్న తేదీ ఎనిమిదేళ్ల కిందటిది. రిజిస్టర్‌లో నా పేరు రాసి సంతకం పెట్టమన్నాడు.

పక్క బల్ల దగ్గర ఒకమ్మాయి పాలిటీ పుస్తకం మూసి మమ్మల్నే చూస్తోంది. రెండేళ్లుగా రోజూ పొద్దున్నే వచ్చి సాయంత్రం దాకా ఉంటుందట.

"సార్, ఇవి ఇంటికి గూడ ఇస్తరా?"

ఇస్తారమ్మా అన్నాను.

"మా అమ్మ నవలలు చదువుతది సార్. ఈడ ఇస్తరని నాకు తెల్వనే తెల్వదు. డిపాజిట్ ఎంత?"

ఆయన ఆమెకు ఎంతో చెప్పి, డ్రాయర్‌లో పెట్టేసిన రసీదు బుక్కును మళ్లీ బయటికి తీశాడు.